బండి ప్రయాణమున పక్షులు, వృక్షములు

పడకలును, వంటపొయ్యియు అమర్చిన మోటారు బండిలో ప్రయాణము చేయువారికి బసను వెదకు శ్రమ లేదు. ఇచ్చవచ్చిన చెట్టునీడను నిలువవచ్చును. అయినను మనలో పెక్కండ్రు చేరవలసిన ఊరినే తలచుచు, త్రోవను చూడకయే పోవుదుము. ఇందువలన కలుగు నష్టమెట్టిదో పెద్దపల్లి నుండి మంథని, కాటారము, మహాదేవపురముల మీదుగా కాళేశ్వరము బోవు మార్గమును తీసికొని తెలిపెదము.

ఊరు దాటగనే విద్యుత్తీగెలమీద పాలపిట్ట కూర్చుండును. వేగముగా బోవువానికి అది వట్టి గోధుమవన్నె పిట్టయే. బండి నిలిపి, అది ఎగురువరకు వేచియున్నచో రెక్కలలోని నీలము కన్నులకు పండువగును. బావులపై వంగిన ఈతచెట్ల కొనలకు గిజిగాని గూళ్లు వ్రేలాడును. గడ్డిపోచలతో వానిని అల్లునది మగపక్షి. మంథని దాటిన పిదప టేకు, మోదుగ, ఇప్ప చెట్లు కానవచ్చును. లేత టేకాకును వ్రేళ్లతో నలిపినచో వ్రేళ్లు ఎఱ్ఱబారును. ఫాల్గుణమున మోదుగ ఆకు రాల్చి పూచును. ఇప్పపూవు తెల్లవారుజామున రాలును గనుక ఏఱుకొనువారు సూర్యోదయమునకు ముందే చెట్టుక్రిందికి వత్తురు.

ఇట్లు చూచుట వినోదమాత్రమే యని కొందఱు తలపవచ్చును. అది సరికాదు. మన తాతల కాలమున పశువు చచ్చినచోట రాబందులు గుంపులుగా దిగుచుండెను. నిత్యము కనబడునవి గనుక వానిని లెక్కించినవారు అరుదు. బొంబాయి ప్రకృతి శాస్త్ర సంఘమువారు 1991-93 సంవత్సరములలో బండ్లపై పోవుచు రహదారుల వెంబడి కానవచ్చిన రాబందులను లెక్కించి వ్రాసికొనిరి. తరువాత ఆ దారులనే మరల తిరిగి లెక్కింపగా, 1992 మొదలు 2007 లోపల తెల్లవీపు రాబందులలో వేయింటికి 999 నశించినట్లు తేలెను. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అను మందు కళేబరములో మిగిలి, తిన్న పక్షుల మూత్రపిండములను చెఱచుటయే కారణమని 2004లో తెలిసెను. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను. మొదటి లెక్కయే లేకున్నచో ఎంత పోయెనో చెప్పగలవారెవ్వరు?

కాళేశ్వరమున గోదావరితో కలియు ప్రాణహితకు ఎగువను, బెజ్జూరు అడవులలోని పాలరాపు కొండచరియపై పొడుగుముక్కు రాబందులు గూళ్లు కట్టుచున్నట్లు 2013 ప్రాంతమున కనుగొనిరి. మిగిలిన ఆ కొలదిపాటివానిని కనుగొన్నదియు ఆగి చూచిన కన్నులే.

కావున విద్యార్థులారా, సెలవులలో తలిదండ్రులతో బండి యెక్కునప్పుడు చిన్న పుస్తకమొకటి వెంటగొని పొండు. తేది, స్థలము, చెట్టు, పక్షి, ఎన్ని అను ఐదు విషయములు వ్రాయుడు. పేరు తెలియనిచో రంగును, ముక్కును, కూతను వ్రాసి పెద్దలనడుగుడు. మఱుసటి యేడు అదే మార్గమున మరల లెక్కింపుడు. సృష్టికర్త మనకప్పగించిన సొత్తును లెక్క చూచుకొనుట మన విధి.