పైకొమ్మకు మారిన తొండ

ఫ్లోరిడాలో మా పెరటి కంచె మీద ఎప్పుడు చూసినా గోధుమరంగు అనోల్ తొండలే. ఇక్కడి పాతకాపు ఆకుపచ్చ అనోల్‌ను చూడాలంటే మా పిల్లలు తలెత్తి చెట్టు పైకి చూడాల్సిందే. గోధుమరంగుది క్యూబా, బహామాల నుంచి వచ్చింది.

1995లో పరిశోధకులు మస్కిటో లగూన్‌లోని కొన్ని చిన్న దీవుల్లో గోధుమరంగు తొండలను వదిలారు. కొద్ది నెలల్లోనే ఆకుపచ్చవి పైకొమ్మలకు మారాయి. అక్కడ కొమ్మలు సన్నగా, నున్నగా ఉంటాయి. 15 ఏళ్లకు, అంటే సుమారు 20 తరాలకు, వాటి వేళ్ల కింది మెత్తలు పెద్దవయ్యాయి. కడుపులో గుడ్లున్న ఆడవాటిని తెచ్చి, వాటి పిల్లలను ఒకేచోట పెంచినా ఆ తేడా పోలేదు. ఎక్కగా ఎక్కగా వచ్చిన మార్పు కాదది. పట్టున్నవే బతికి పిల్లల్ని కన్నాయి.

మనమూ ఈ నేలకు కొత్తగా వచ్చినవాళ్లమే. పెరట్లో పెద్ద చెట్టు కొట్టించకుండా ఉంచితే, పాతకాపుకు పైన కాస్త చోటు మిగులుతుంది.