ఇందూరు, బోధను ప్రాంతములందలి ఇంటి మందులు : పదములు, పాకములు

ఇంటి వైద్యమును గూర్చి వ్రాయువారు సామాన్యముగా మూలికల పట్టికతో ఆరంభింతురు. ఈ వ్యాధికి ఈ ఆకు, ఆ బాధకు ఆ వేరు అని చెప్పుచు పోవుదురు. అట్టి పట్టికలు తెలుగున చాలినన్ని కలవు. నిజామాబాదు పట్టణమునందును, బోధను చెరకు పల్లెలయందును ఇల్లాండ్రు మందు చేయునపుడు వాడు మాటలను పరిశీలించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి నోటిమాటగా వచ్చిన ఈ వైద్యమునకు వేరుగా గ్రంథము లేదు. ఎంత వేయవలెను, ఎంతవరకు కాచవలెను, ఎప్పుడు దింపవలెను అను విషయములన్నియు ఆ మాటలలోనే ఇమిడియున్నవి. కావున మాట అర్థము మారినచోట మందును మారుచున్నది. ఇది కేవలము భాషాచర్చ కాదనియు, త్రాగువాని ఆరోగ్యమునకు సంబంధించినదనియు ముందు తెలియగలదు.

నిజామాబాదునకు ఇందూరని పూర్వనామము. ఈ ప్రాంతపు ఇంటిమందులకు ఆధారద్రవ్యములు పసుపు, బెల్లము. రెండును ఇచటి నేల పంటలే. ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల పసుపు నిజామాబాదు మార్కెట్టుకు వచ్చును. 2025లో ఏర్పడిన జాతీయ పసుపు బోర్డునకు ఈ పట్టణమే ప్రధానస్థానమైనది. ఇక చెరకు సంగతి. మంజీరపై 1923 మొదలు 1931 వరకు నిర్మింపబడిన నిజాంసాగరు నీటితో బోధను చుట్టుప్రక్కల చెరకు విస్తరించినది. 1930ల చివర అచట నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దానిని ఆశ్రయించి ఏర్పడిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. సంస్కృత శర్కరా శబ్దము పారసీకమునకు పోయి, ఉర్దూ మూలమున శక్కరుగా మరలివచ్చి, ప్రాకృతద్వారమున ముందే చేరియున్న మన చక్కెర ప్రక్కన నిలిచినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. ఊరి పేరు మాత్రము నిలిచియున్నది.

ఈ సీమలో తెలుగుతోపాటు ఉర్దూయు, సరిహద్దు ప్రక్కన మరాఠీయు వినబడును. జలుబును సర్ది యనుట, ఒడలు బాగులేనివానికి సుస్తి అయినదనుట ఉర్దూ సహవాసఫలము. వాము ఇచట ఓమ, వెల్లుల్లి ఎల్లిగడ్డ. నీటిలో వేసి కాచిన మందునకు ఒకే వీథిలో మూడు పేర్లు వినవచ్చును: ఉర్దూవారికది జోషాందా, మరాఠీవారికి కాఢా, తెలుగువారికి కషాయము. మొదటి పేరు మరుగుట యను అర్థముగల పారసీక ధాతువునుండి పుట్టినది. రెండవది సంస్కృత క్వాథ శబ్దమునకు వికృతి. దానికిని కాగుటయే అర్థము. మన కషాయమునకు మాత్రము మూలమున కాగుటతో సంబంధము లేదు. అది వగరు రుచికి పేరు. చరకసంహితలో కషాయకల్పనలు ఐదని చెప్పబడినవి: స్వరసము, కల్కము, శృతము, శీతము, ఫాంటము. వీనిలో స్వరసమునకు, కల్కమునకు నిప్పుతో పనియే లేదు. తెలుగు ఇండ్లలో ఆ పదము అర్థసంకోచము పొంది కాచినదానియందే నిలిచినది.

ఈ అర్థసంకోచమువలన ఒక చిక్కు కలిగినది. అన్నిటిని కాచుటయే మంచిదను భావము బలపడినది. శొంఠి, మిరియము, కరక్కాయ, వేరు, బెరడు మొదలగు గట్టి ద్రవ్యములకు కాచుట తగును. శార్ఙ్గధరుని లెక్కను అనుసరించి ద్రవ్యమునకు 16 రెట్లు నీరు పోసి, అందులో 8వ వంతు మిగులువరకు మందాగ్నిపై మూతలేకుండ మరిగింపవలెను. ఇండ్లలో దీనినే సులువుచేసి, నాలుగు గ్లాసులు ఒక గ్లాసగు వరకని చెప్పుదురు. కాని తులసి, పుదీన, ఓమ వంటివానిలో గుణము వాసననంటియుండును. ఓమలోని థైమాలు ఆవిరితో ఎగిరిపోవు పదార్థము. వానిని గంటసేపు మరిగించినచో ఇల్లంతయు గుమగుమలాడును, గిన్నెలో మాత్రము చేదునీరు మిగులును. వానికి తగినది ఫాంటము: ద్రవ్యమునకు 4 రెట్లు మరిగిన నీరు పోసి, మూతపెట్టి, కొంతసేపటికి వడగట్టుట. మన ఇండ్లలో ఈ ప్రక్రియకు వేరు పేరు లేదు. అయినను తెలిసిన ఇల్లాలు సర్దికి కషాయము పెట్టునపుడు శొంఠి, మిరియాలు మొదట వేసి, తులసాకును దింపుటకు ముందు వేసి మూతపెట్టును. పేరు లేకపోయినను ప్రక్రియ బ్రతికియున్నదనుటకు ఇది నిదర్శనము.

స్వరసమునకు మన పదము పసరు. పచ్చదనమును చెప్పు ద్రావిడ ధాతువునుండి వచ్చిన ఈ మాట తానే ఒక నియమము. పచ్చి ఆకును దంచి పిండినదే పసరు. ఎండిన ఆకును నానబెట్టి పిండినది పసరు కానేరదు. ఏ పూట పసరు ఆ పూటనే వాడవలెను. అంగడిలో సీసాలలో అమ్మబడు ఆకురసములకు నిలువయుండుటకై ఏదియో చేర్పక తప్పదు గనుక వానిని పసరనుట పదమునకు అన్యాయము.

పసుపు విషయమున భాషకును చట్టమునకును సంబంధించిన కథ యొకటి కలదు. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు, పుండ్లు మాన్పుటకై పసుపును వాడు పద్ధతిపై పేటెంటు లభించినది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ప్రతిఘటించినది. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథములనుండి తీసిన 32 ఆధారములు చూపబడగా 1997లో ఆ పేటెంటు రద్దయినది. ఆ వివాదము జరిగిన పిమ్మట 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమునకు అంకురార్పణ జరిగినది. అందు చేరినవి ప్రధానముగా సంస్కృత, అరబ్బీ, పారసీక, ఉర్దూ, తమిళ వైద్యగ్రంథముల యోగములు. గాయముపై పసుపద్దుట ఇందూరున ప్రతి ఇల్లాలికిని తెలియును. కాని ఆ వివాదమున సాక్ష్యమైనది వ్రాతయే. బసవరాజీయము వంటి గ్రంథములు మనకున్నను, వంటింటి వైద్యము వానిలో కొంతయే కలదు. తక్కినదానికి మాటయే ఆధారము. తెలుగు శాఖలు ఈ పదసేకరణమును వైద్యులకు విడిచిపెట్టరాదనుటకు ఇంతకన్న వేరు కారణమక్కరలేదు.

పసుపు వాడుకలో రెండు సంగతులు గమనింపదగినవి. పసుపునకు వన్నెనిచ్చు కర్కుమిను నీటిలో కరుగదు, క్రొవ్వులో కరుగును. పాలలోనో నేతిలోనో పసుపు కలుపు ఆచారము ఇందుకు అనుకూలమైనది. పాలలో మిరియపుపొడి చిటికెడు వేయుట మరియు మేలు: 1998లో బెంగుళూరు సెంట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు మిరియపు సారమైన పైపరిను తోడైనచో కర్కుమిను రక్తమున చేరుట అనేక రెట్లు హెచ్చునని చూపిరి. కాని హెచ్చుట మందులకును వర్తించును గనుక, నిత్యము వైద్యుని మందు తినువారు ఆయనకు తెలిపి వాడుకొనవలెను. ఇక రెండవది కల్తీ. పసుపుపచ్చని వన్నెకై సీసము కలిసిన లెడ్ క్రోమేటును చేర్చు దుర్మార్గము కొన్నిచోట్ల బయటపడినది. కొమ్ము కొని ఇంట దంచుకొనువారికి పొడికల్తీ భయము తప్పును. అయినను మెరుగుపెట్టునపుడు కొమ్ముపైనను రంగు పూయుదురు గనుక, కొమ్మును విరిచి చూడవలెను. పైతొక్క లోపలికంటె మిక్కిలి వెలుగుచున్నచో అనుమానింపవలెను.

బెల్లముతో చేయు మందులలో ఈ ప్రాంతమున ముఖ్యమైనది బాలింతరాలికి పెట్టు కాయము. దేహవాచకమైన సంస్కృత కాయ శబ్దముతో దీనికి సంబంధము లేదని నా తలంపు. తమిళులు ఇంగువను పెరుంగాయమందురు. అందలి కాయ శబ్దము కారపుదినుసునకు వాచకము. కారపుదినుసుల ముద్ద గనుక మన కాయమునకును అదియే మూలమనుట సమంజసము. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, మోడి, ఓమ వేరువేరుగా దోరగా వేయించి, దంచి, పలుచని గుడ్డలో జల్లింతురు. ఒక్కొక్కదాని పాలు ఇంటింటికి మారును. శొంఠి హెచ్చుగా నుండుట మాత్రము సామాన్యము. పొడికి రెండింతలు బెల్లము తీసికొని, కొలదిగా నీరు చేర్చి కరిగించి, మట్టి పోవునట్లు వడగట్టి మరల పొయ్యిపై పెట్టుదురు. రెండు వ్రేళ్ళ నడుమ సాగదీసినపుడు తీగ నిలిచినచో తీగపాకము. నీటిలో వేసిన బొట్టు కరుగక ఉండయైనచో ఉండపాకము. అప్పుడు దింపి పొడి చల్లి, నెయ్యి పోసి కలిపి రేగుపండంత ఉండలు చేయుదురు. పాకము లేతదైనచో కొలది దినములలో బూజు పట్టును. ముదిరినచో ఉండ రాయి యగును. ఉష్ణమాపకము లేని వంటింట ఈ పాకనామములే ఉష్ణమాపకములు. శార్ఙ్గధరుడు లేహ్యమునకు చెప్పిన లక్షణములును ఇవియే: తీగ సాగవలెను, నీట మునుగవలెను, వ్రేలితో నొక్కిన ముద్ర పడవలెను. బెల్లము రెండింతలనుటయు ఆయన మాటయే. గ్రంథము వంటింటినుండి గ్రహించినదో, వంటిల్లు గ్రంథమునుండి గ్రహించినదో తేల్చుట వృథా ప్రయాస.

కాయమునకు పాతబెల్లము వాడవలెనందురు. పాతయనగా ఏడాది నిలువయున్నదని శాస్త్రార్థము. అంగడివాని భాషలో నల్లబెల్లమని అర్థము. తెల్లగా కనబడు బెల్లమునకు హైడ్రో యను రసాయనము కలుపుదురను భయముచేత నల్లదానిని కోరుట సహజమే. కాని నలుపు పాతదనమునకు గుర్తు కాదు. పైగా గుడుంబా కాచువారి పుణ్యమా యని తెలంగాణమున నల్లబెల్లమునకు ఆబ్కారీవారి చూపు సోకినది. మందునకని మూటకట్టుకొని పోవువాడును సంజాయిషీ చెప్పుకొనవలసినట్లయినది! బెల్లము పాతదైనను క్రొత్తదైనను మధుమేహముగలవారికి చక్కెరయే యని మరువరాదు.

ఒంటికి పూసికొనువానిలో నలుగును మాత్రము ప్రస్తావింతును. నలుచుట యనగా ఒంటిని రుద్దుట. నూనె అంటిన పిదప పిండిని పొడిగా రుద్ది, మురికితో ఉండలుగా రాలునట్లు చేయుట నలుగు. సబ్బువలె నురుగెత్తించుట కాదు. పెసరపిండి, శనగపిండి, పసుపు, కచ్చూరాలు, తుంగముస్తలు నిర్భయముగా కలుపవచ్చును. బావంచాలు కలుపువారు కొలత తప్పరాదు. వానిలోని సొరాలెను చర్మమున నిలిచి ఎండ తగిలినపుడు బొబ్బలెక్కించును.

పేర్లవలన కలుగు ప్రమాదమునకు తిప్పతీగ నేటి ఉదాహరణము. కరోనా దినములలో ఇంటింట దీని కషాయము త్రాగిరి. 2021లో ముంబయి వైద్యులు అట్లు త్రాగిన ఆరుగురికి కాలేయము చెడినదని ప్రకటింపగా, ఆయుష్ మంత్రిత్వ శాఖ అది తిప్పతీగను పోలిన టైనోస్పోరా క్రిస్పా కావచ్చునని సమాధానమిచ్చినది. క్రిస్పా కాడపై బుడిపెలు దట్టముగా నుండును. అసలు తిప్పతీగపై బెరడు పలుచని కాగితమువలె ఊడును. అయితే 2022లో పలు ఆసుపత్రుల కాలేయవైద్యులు కలిసి ప్రకటించిన 40కి పైబడిన రోగుల వృత్తాంతము అసలు తిప్పతీగనే శంకించినది. కాబట్టి పేరు సరిచూచుకొనినంత మాత్రమున చాలదు. థైరాయిడు మొదలగు ఆత్మరోగనిరోధక వ్యాధులు గలవారు దీనిని మానుట మేలు.

వసకొమ్ము విషయమున సందేహమే లేదు. సానరాయిపై అరగదీసి ఉగ్గుగిన్నెతో శిశువునకు పోసినచో మాటలు త్వరగా వచ్చునని నమ్మిక. వసపిట్ట యను నుడికారము అందునుండియే పుట్టినది. వసలోని అసరోను విషగుణము కలదియగుటచే 1968లోనే అమెరికా ప్రభుత్వము దానిని ఆహారమున నిషేధించినది. శిశువైద్యులును దీనిని మానుమనుచున్నారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించుటయు మానవలెను. దానిలోని బొట్యులిను సూక్ష్మజీవి బీజములు పసికడుపులో మొలకెత్తి కండరములను పడవేయును.

సేకరణ చేయువారు మాటను యథాతథముగా వ్రాసికొనుటతో తృప్తిపడక, కొలతను త్రాసులో తూచి ప్రక్కన వ్రాయవలెను. చిటికెడు, పిడికెడు, శనగగింజంత, ఉసిరికాయంత అనునవి చేతిని, కాయను బట్టి మారినను కొంతవరకు ఊహింపదగినవి. తులమే ఎక్కువ మోసకారి. ముదుసలి చెప్పు తులము 11.66 గ్రాములు, నేటి బంగారపు అంగడిలో తులమనగా 10 గ్రాములు. తులము శొంఠి యని అవ్వ చెప్పినదానిని మనుమరాలు నేటి లెక్కతో తూచినచో ఏడవవంతు తగ్గును. శొంఠి తగ్గినందున పెద్ద హాని లేదు. కాని మనుమరాలు చెప్పిన తులమును మరియొకరు పాత లెక్కతో తూచినచో పిప్పళ్ళో, మిరియాలో హెచ్చి బాలింతరాలికి కడుపుమంట కలుగును. అందుచేత చెప్పినవారి వయస్సును, ఊరిని, ఏ తులమో ఆ సంగతిని ప్రతి యోగము క్రిందను వ్రాసికొనవలెను.