గ్లేసియర్ జాతీయ వనంలో మోటారుహోమ్ యాత్ర

గ్లేసియర్ జాతీయ వనం అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మోంటానా రాష్ట్రంలో, కెనడా సరిహద్దున ఉన్న పర్వత ప్రాంతం. ఇది 1910లో ఏర్పడినది. వంటగది, పడకలు, మరుగుదొడ్డి అమర్చిన వాహనాన్ని మోటారుహోమ్ అంటారు. ఇటువంటి వాహనంలో కుటుంబసమేతంగా ఇక్కడికి వచ్చేవారు అన్నిటికంటే ముందు చూసుకోవలసినది బండి కొలత.

వనాన్ని పడమర నుండి తూర్పుకు దాటే గోయింగ్-టు-ద-సన్ రోడ్డు పొడవు సుమారు 80 కి.మీ. 1933లో ప్రారంభించబడిన ఈ దారి 2,026 మీటర్ల ఎత్తులోని లోగన్ కనుమ మీదుగా పోతుంది. ఒకవైపు కొండరాయి, మరొకవైపు లోయ ఉన్న ఇరుకు దారి కావడం వలన అవలాంచ్, రైజింగ్ సన్ అనే చోట్ల మధ్య 21 అడుగులకు మించిన పొడవు, లేదా అద్దాలతో కలిపి 8 అడుగులకు మించిన వెడల్పు గల వాహనాలను అనుమతించరు. వెనుక తగిలించిన బండి కూడా ఈ పొడవులో లెక్కకు వస్తుంది. పిల్లలకు వసతిగా ఉంటుందని పెద్ద వాహనాన్ని అద్దెకు తీసుకున్న కుటుంబమే ఇక్కడ చిక్కులో పడుతుంది. అటువంటివారు మోటారుహోమును విడిదిలోనే ఉంచి చిన్న కారులో కనుమకు వెళ్ళాలి. వాహనంతో సహా తూర్పు వైపుకు చేరాలంటే వనానికి దక్షిణాన ఉన్న 2వ నంబరు జాతీయ రహదారిని పట్టుకోవాలి. మంచు కారణంగా కనుమ దారి సాధారణంగా జూన్ చివరి వరకు, కొన్ని సంవత్సరాలలో జూలై వరకు పూర్తిగా తెరుచుకోదు.

వనంలోని విడిదులలో ఆప్గార్ అన్నిటికంటే పెద్దది. అయితే ఏ విడిదిలోనూ వాహనానికి నేరుగా విద్యుత్తు, నీరు అందించే ఏర్పాటు లేదు. జనరేటరును కూడా నిర్ణీత వేళల్లోనే నడపాలి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతం కనుక ఆహారం, వంటపాత్రలు, చివరకు టూత్‌పేస్టు కూడా ఆరుబయట వదలరాదు. వాటిని వాహనంలో పెట్టి కిటికీలు, తలుపులు మూసి ఉంచాలి.