పాచిని గీకితే పోదు, దాని తిండిని ఆపాలి

ఎండాకాలం వచ్చిందంటే నిడుగల్లు కొండ చుట్టుపక్కల పల్లెలలో పశువుల గాబులు పచ్చబడతాయి. ఇంటివారు కొబ్బరి పీచుతో గోడలు తోమి, పాత నీరు పారబోసి, కొత్త నీరు నింపుతారు. పక్షం రోజులు తిరగకముందే ఆ జారుడు పొర మళ్ళీ పేరుకుంటుంది. తెలుగులోనూ కన్నడంలోనూ దానికి ఒకటే పేరు, పాచి. పావగడ తాలూకాలోనే కాదు, సరిహద్దుకు అవతల ఉన్న మడకశిర పల్లెలలోనూ ఇదే తంటా.

ఇది చూడడానికి చిన్న విషయమే. కానీ వందల అడుగుల లోతు బోర్ల నుండి నీరు తోడుకునే ఈ కరవు సీమలో ఒక గాబెడు నీటిని పారబోయడం తక్కువ నష్టం కాదు. పోనీ అని వదిలేస్తే, కొన్ని రకాల పాచి వలన గొర్రెలకు, ఆవులకు ప్రాణాపాయం కలుగవచ్చు. అందుచేత పాచి ఎందుకు పుడుతుందో, దేనిని తిని పెరుగుతుందో ప్రతి కుటుంబమూ తెలుసుకోవడం అవసరం.

పాచికి ఆహారం ఏమిటి?

పాచి కూడా పైరు వంటిదే. దానికి ఎండ కావాలి, నీరు కావాలి, ఎరువు కావాలి. ఎరువులలో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరం. ఈ రెండింటిలో భాస్వరం పాత్ర ఎంతటిదో 1973లో కెనడా దేశపు శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు ఒక చక్కని ప్రయోగంతో చూపించారు. ఆంటారియో రాష్ట్రంలోని ఒక చిన్న సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విభజించారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు. రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన భాగం పాచితో దట్టంగా పచ్చబడింది. మొదటిది తేటగానే ఉండిపోయింది. ఎండ ఒకటే, గాలి ఒకటే, నీరు ఒకటే. తేడా అంతా వేసిన తిండిలోనే ఉన్నది.

మన గాబులో భాస్వరం ఎవరు వేశారని అడగవచ్చు. పశువు మూతి నుండి రాలే రాగిగడ్డి పరకలు, తవుడు, దాణా తునకలు, గాలికి వచ్చి పడే పేడ పొడి, గట్టు మీద వాలే కాకుల రెట్టలు, పక్కనే ఉతికిన బట్టల సబ్బు నీరు, ఇవన్నీ ఎరువులే. కృషి హొండలకైతే చేను నుండి వానతో కొట్టుకువచ్చే డి.ఎ.పి., పెంటదిబ్బ మీదుగా పారే నీరు తోడవుతాయి. పాచిని గీకి, దానిని అక్కడే గాబు పక్కన పారవేస్తే, అది కుళ్ళి తిరిగి ఆ నీటిలోనే చేరుతుంది. గీకిన శ్రమంతా వృథా అవుతుంది.

అన్ని పాచిలూ ఒకటి కావు

గాబు గోడకు అంటుకొని, చేతితో తీస్తే వెంట్రుకల వలె పోగులుగా వచ్చే పాచి సాధారణంగా విషం కాదు. ప్రమాదం నీలి ఆకుపచ్చ రకంతో. ఇది చెరువు నీటి మీద పచ్చ రంగు పెయింటు ఒలికినట్లు తెట్టెగా తేలుతుంది. పోగులుగా పైకి రాదు. గాలి వీచే దిక్కుకు కొట్టుకుపోయి ఒక మూలన చిక్కగా చేరుతుంది. 1878లోనే ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు వద్ద ఇటువంటి తెట్టె త్రాగి గొర్రెలు, గుర్రాలు, కుక్కలు చనిపోయిన సంగతిని జార్జ్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞుడు ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. 2020లో ఆఫ్రికాలోని బోట్స్వానాలో మూడువందలకు పైగా ఏనుగులు మరణించినప్పుడు, అక్కడి ప్రభుత్వం ఈ జాతి విషమే కారణమని చెప్పింది.

అనుమానం కలిగితే ఒక సులభమైన పరీక్ష ఉన్నది. చేతికి తొడుగు వేసుకొని, తేటగా కనిపించే సీసాలో ముప్పాతిక వంతు ఆ నీటిని పట్టి, కదలకుండా రాత్రంతా ఉంచాలి. పచ్చదనం అడుగుకు దిగితే భయం తక్కువ. పైకి తేలి పొరగా నిలిచితే నీలి ఆకుపచ్చ రకమేమోనని అనుమానించి, పశువులను ఆ నీటికి దూరంగా ఉంచాలి. ఈ నీటిని కాచినా విషం పోదు. త్రాగిన పశువు తూలినా, వణికినా, కూలబడినా వెంటనే పశువైద్యుని పిలవాలి. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు కనుక ముందుజాగ్రత్తయే మందు.

మైలుతుత్తం మంచిదేనా?

నీటిలో మైలుతుత్తం వేస్తే పాచి చస్తుంది. 1904లోనే అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని జలాశయాల కోసం ప్రచారం చేశారు. ఫలితం త్వరగా కనబడుతుంది కాబట్టి చాలామంది దీనిని నమ్ముతారు. కానీ గొర్రెలు రాగిని తట్టుకోలేవు. మందలు మేపే ఇళ్ళలో ఇది చేయదగిన పని కాదు. పైగా నీలి ఆకుపచ్చ పాచి ఒక్కసారిగా చస్తే దానిలోని విషమంతా నీటిలోకి విడుదల అవుతుంది. చచ్చిన పాచి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చనిపోతాయి. ఎరువు మాత్రం నీటిలోనే మిగిలి ఉంటుంది, కనుక కొన్నాళ్ళకు పాచి మళ్ళీ వస్తుంది.

అద్దాల పెట్టెలోని సముద్రం చెప్పే పాఠం

కొన్ని దేశాలలో వేడుక కోసం ఉప్పునీటి అద్దాల పెట్టెలలో పగడాలను, సముద్రపు చేపలను పెంచుతారు. వారికీ పెద్ద శత్రువు పాచియే. అది పగడాలను కప్పి చంపుతుంది. వారు రాగి మందు వాడలేరు, అది పగడాలను, నత్తలను కూడా చంపుతుంది. కాబట్టి వారు పాచి తిండి మీదనే దృష్టి పెడతారు. చేపలకు మేత తగ్గిస్తారు. దీపం వెలిగే గంటలు తగ్గిస్తారు. పాచిని మేసే నత్తలను వదులుతారు. ఫ్లోరైడు బాధ వలన మన పల్లెలలో పెట్టుకున్న ఆర్.ఓ. యంత్రాల వంటి వాటితోనే శుద్ధి చేసిన నీటిలో ఉప్పు కలిపి వాడతారు. ఇంకొక ఉపాయం, పక్క అరలో మంచి రకం నాచును పెంచి, నీటిలోని ఎరువును దానికి తినిపించి, ఎప్పటికప్పుడు కోసి బయట వేయడం. చిన్న అద్దాల పెట్టెకైనా పెద్ద చెరువుకైనా సూత్రం ఒకటే.

ఇంటింటా చేయదగినవి

గాబును పశువుల అవసరానికి మించి పెద్దదిగా కట్టవద్దు. చిన్న గాబును తరచు ఖాళీ చేయవచ్చు, నీటి నష్టమూ తక్కువ. పైన కొబ్బరి మట్టల పందిరి గానీ షేడ్ నెట్ గానీ వేస్తే ఎండ తగ్గి పాచి మందగిస్తుంది, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. మేత తొట్టిని గాబుకు దూరంగా ఉంచాలి. వారానికొకసారి తోమి, ఎండబెట్టి, నెలకొకసారి లోపల సున్నం పూసి, ఆరిన తరువాత కడిగి నింపాలి. తీసిన పచ్చనీటిని, పాచిని కొబ్బరి, మునగ పాదులకు పోస్తే పాచి తిన్న ఎరువు చెట్టుకు చేరుతుంది.

ఇంటి నీటి తొట్టికి వెలుతురు సోకని మూత ఉండాలి. కడిగి నింపిన తరువాత 1000 లీటర్ల తేట నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కలిపి, గంట ఆగి వాడుకోవాలి.

కృషి హొండలోకి నీరు దిగే చోట ముందుగా చిన్న గుంట తీసి మట్టిని ఆపాలి, దాని తరువాత గరిక పట్టీ పెంచాలి. పెంటదిబ్బను పై వైపున వేయరాదు. హొండలో పశువులను కడగరాదు. ఆ నీటిని బిందుసేద్యానికి వాడేవారు ఇసుక ఫిల్టరు పెట్టుకోకపోతే పాచి చేరి డ్రిప్పర్లు మూసుకుపోతాయి.

మన పెద్దలు త్రాగే నీటి బావిని, పశువులు దిగే కుంటను వేరుగా ఉంచారు. మంచినీళ్ళ బావి గట్టున బట్టలు ఉతకనివ్వలేదు. భాస్వరం పేరు వారికి తెలియకపోయినా, మురికి చేరిన నీరు పాడవుతుందని వారికి తెలుసు. ఇప్పుడు కారణం కూడా తెలిసింది కనుక, ఈ వేసవిలో గాబు తోమే ముందు ఇంటివారు ఒక్కసారి దాని చుట్టూ తిరిగి చూడాలి. పాచికి తిండి ఎటునుండి వస్తున్నదో కనిపిస్తే, మొదట ఆ దారిని మూయాలి.