పాత ఫోను మందగించుట: మోసమా, ముసలితనమా?

మన నాగోలు ప్రాంతమున నేడు ఫోను లేని గృహము అరుదు. కూలికి పోవు తండ్రికి పని పిలుపు దానియందే వచ్చును. తల్లి సరకుల వెలను దానితోనే చెల్లించును. 2020వ సంవత్సరమున పాఠశాలలు మూతపడినపుడు పెక్కుమంది బాలబాలికలకు అదియే తరగతి గది యాయెను. అట్టి ఫోను రెండు మూడేండ్లకే మందగించిన యెడల, నెల జీతములో పెద్ద భాగము క్రొత్తదాని కొఱకు పోవును. క్రొత్తవి అమ్ముకొనుటకై కంపెనీవారే పాతవానిని కావలెనని నెమ్మది చేయుదురని పలువురు అనుకొనుచున్నారు. ఇందు నిజమెంతయో విచారింతము.

మొదట బ్యాటరీని గూర్చి తెలిసికొనవలెను. ఫోనులలో లిథియం అయాను బ్యాటరీ యుండును. ఛార్జి చేయుచు వాడుచు నుండగా అందలి పదార్థములు క్రమముగా క్షీణించును. నిలువ చేయగల శక్తి తగ్గును. లోపలి నిరోధము పెరుగును. ప్రాసెసరు ఒక్కమాఱుగా అధిక విద్యుత్తును కోరినపుడు ముసలి బ్యాటరీ దాని నియ్యజాలదు. అపుడు వోల్టేజి పడిపోయి ఫోను హఠాత్తుగా ఆఱిపోవును.

2016లో కొన్ని ఐఫోనులు ఇట్లు ఆఱిపోవుచున్నవని ఫిర్యాదులు వచ్చెను. 2017 జనవరిలో ఆపిల్ కంపెనీవారు ఒక క్రొత్త సాఫ్ట్‌వేరును పంపిరి. బ్యాటరీ బలహీనమైన ఫోనులలో అది ప్రాసెసరు వేగమును అదుపు చేయును. ఆఱిపోవుట తగ్గినది; కాని వేగము తగ్గింపబడినదని కొనినవారికి స్పష్టముగా తెలుపలేదు. నాగోలు నుండి మెట్రో రైలు తొలిసారి నడచిన మఱుసటి నెలలో, అనగా 2017 డిసెంబరు 18న, ప్రైమేట్ ల్యాబ్స్ సంస్థకు చెందిన జాన్ పూల్ ఐఫోనుల వేగపరీక్షల లెక్కలను పోల్చి చూపి యీ మార్పును వెలికి దెచ్చెను. 20న కంపెనీవారు ఒప్పుకొనిరి. 28న క్షమాపణ కోరిరి. అమెరికాలో బ్యాటరీ మార్చుటకు 79 డాలర్లుగా నున్న వెలను 29 డాలర్లకు తగ్గించిరి. బ్యాటరీ స్థితిని ఫోనులోనే చూచుకొనుటకును, ఈ వేగపు అదుపును తొలగించుకొనుటకును 2018లో వీలు కల్పించిరి.

దీని నెట్లు తీర్పు తీర్చవలెను? బండి తోలువాడు ముసలి యెద్దును, అది కూలిపోకుండుటకై, మెల్లగా నడిపించుట దయయే. కాని ఆ తోలువాడే సంతలో ఎడ్లను అమ్మువాడై, ఎద్దు నెమ్మదించిన కారణమును యజమానికి చెప్పక దాచినచో, యజమాని దానిని వదలి క్రొత్త యెద్దును కొనును. ఆ లాభము తోలువానికే చేరును. అతని మనస్సులోని తలంపు ఎట్టిదైనను, దాచుట మాత్రము తప్పు.

ప్రభుత్వములు పట్టుకొనినదియు ముఖ్యముగా ఈ తప్పునే. ఫ్రాన్సులో, వస్తువుల ఆయువును కావలెనని తగ్గించుట 2015 నుండి నేరము. అయినను 2020 ఫిబ్రవరిలో ఆ దేశపు అధికారులు ఆపిల్ మీద రెండున్నర కోట్ల యూరోల జరిమానా విధించినది, కొనినవారికి తెలియజేయనందులకే. ఇటలీవారు మఱి కొంత ముందునకు పోయిరి. పాత ఫోనులు మోయలేని సాఫ్ట్‌వేరును వేసికొనుడని ప్రేరేపించిరని 2018 అక్టోబరులో ఆపిల్ మీద కోటి యూరోలు, సామ్‌సంగ్ మీద 50 లక్షల యూరోలు జరిమానా వేసిరి. అమెరికాలో 2020లో ఆపిల్‌వారు తప్పు నొప్పుకొనకయే 50 కోట్ల డాలర్ల వఱకు చెల్లించుటకు రాజీపడిరి. క్రొత్త ఫోనులు అమ్ముటకే అట్లు చేయలేదని వారి వాదము. కావున వేగము తగ్గించిన మాట నిజము, దాచిన మాటయు నిజము. అమ్మకము కొఱకే చేసిరనుట మాత్రము తీర్పులో తేలలేదు.

ఇక ప్రతి పాత ఫోను మందగించుటయు కుట్ర కాదు. ఫోటోలతో, వీడియోలతో చోటు నిండినను, క్రొత్త యాప్‌లు బరువైనను ఫోను నెమ్మదించును. అందుచేత క్రొత్తది కొనుటకు ముందు మూడు పనులు చేయదగును. మొదటిది, అనవసరమైన వానిని తొలగించి చోటు కల్పించుట. రెండవది, బ్యాటరీ స్థితిని చూచి, క్షీణించినచో నమ్మకమైన చోట మార్పించుట. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్టు మొదలు మన వీధిచివరి దుకాణము వఱకు ఆ పని చేయువారు కలరు. మూడవది, అన్యాయము జరిగెనని తోచినచో రసీదును దాచియుంచి, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915నకు తెలుపుట. మన ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ప్రత్యేక పోర్టలును గూడ తెఱచినది. ఐరోపా సమాఖ్యలో 2025 జూను 20 నుండి విపణికి వచ్చు ఫోనుల బ్యాటరీలు 800 పర్యాయములు ఛార్జి అయిన పిమ్మటను 80 శాతము శక్తిని నిలుపుకొనవలెనని నిబంధన కలదు.

విద్యార్థులారా, అనుమానమును శాస్త్రజ్ఞానముతో పరీక్షింపుడు. తలిదండ్రుల చెమటతో వచ్చిన సొమ్మును వ్యయపఱచుటకు ముందు, లోపము ఫోనుదా, బ్యాటరీదా యని అడిగి తెలిసికొనుడు. అమ్మువారు నిజము చెప్పుట ఎట్లు ధర్మమో, కొనువారు నిజము నడుగుటయు అట్లే ధర్మమని మా తలంపు.