పనికి పోవు తల్లులు - పసిపిల్లల పోషణ

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలకు చుట్టుప్రక్కల పల్లెలనుండి స్త్రీలనేకులు ప్రతిదినము పనికి పోవుచున్నారు. ఇంట అత్తగాని తల్లిగాని యున్నవారి మాట వేరు. అట్టి ఆసరా లేని స్త్రీ పసిబిడ్డను పొరుగింట విడిచి జీతములో కొంత వారికి చెల్లించవలెను. లేదా బడికి పోవలసిన పెద్దపిల్లను ఇంట నిలుపవలెను. లేదా పని మానవలెను. వీనిలో రెండవదే మిక్కిలి నష్టకరము. ఆ నష్టము ఏ లెక్కలోను కనిపించదు.

ఇందుకు లభించు సహాయము సాధారణముగా నగదుగా గాక సేవగా వచ్చును. నగదుగా వచ్చునది ప్రసవకాలపు భృతి. ఇ.ఎస్.ఐ. చందాదారులైన స్త్రీలకు 26 వారములు, అప్పటికే ఇద్దరు బిడ్డలున్నచో 12 వారములు, పూర్తి సగటు వేతనము చొప్పున ఇది లభించును. ముందటి రెండు చందా కాలములలో 70 దినములకు తక్కువ గాకుండ చందా చెల్లియుండవలెను. కాంట్రాక్టరు క్రింద పనిచేసినంత మాత్రమున ఈ హక్కు పోదు. కావున చందా కట్టబడుచున్నదో లేదో ముందే విచారించుకొనుట మేలు.

భృతికాలము ముగిసిన పిమ్మటనే అసలు చిక్కు. 1948 ఫ్యాక్టరీల చట్టము 50 మందికి మించి స్త్రీలున్నచోట శిశు సంరక్షణ కేంద్రము నుంచవలెనని విధించెను. 1976లో ఆ సంఖ్య 30కి తగ్గినది. స్త్రీల సంఖ్యనే లెక్కించుటచే, స్త్రీలను తక్కువగా పెట్టుకొన్న యజమానికి ఈ బాధ్యత తప్పెడిది. 2017 సవరణ ఆ లోపమును దిద్ది, స్త్రీ పురుష భేదము లేక 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకును దీనిని వర్తింపజేసినది. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు ఇదే నియమమును నిలిపినది. తల్లి దినమునకు నాలుగుసార్లు బిడ్డను చూచి రావచ్చును. పలు సంస్థలు కలిసి ఒకే కేంద్రమును నడుపుకొనవచ్చును. ఒకే వాడలో పలు కర్మాగారములున్న మన ప్రాంతమునకు ఇది మిక్కిలి అనుకూలము.

చిన్న సంస్థలలోను ఇళ్లలోను పనిచేయు తల్లుల సంగతి యేమి? 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల క్రింద అంగన్‌వాడీలు వెలసినవి. కాని కర్మాగారపు షిఫ్టు ముగియు వరకు అవి సాధారణముగా తెరచియుండవు. ఈ కొరతకే 2022లో కేంద్రప్రభుత్వము 'పాలనా' పథకమును ఏర్పరచినది. ఇందులో అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రమును జోడించి, ఆరునెలల నుండి ఆరేండ్ల వరకు గల బిడ్డలను పగలంతయు చూచెదరు.

స్త్రీ శిశు వికాసమును రాజ్యాంగపు 11వ అనుసూచి పంచాయతీల విషయములలో చేర్చియున్నది. సభ్యులు తమ వార్డులో ఆరేండ్ల లోపు పిల్లలెందరు, వారి తల్లులు ఏ వేళకు పనికి పోయి ఏ వేళకు వచ్చుచున్నారు అను పట్టికను తయారుచేయవలెను. గ్రామసభలో తీర్మానము చేసి, ఈయగల గదిని, నీటి వసతిని అందులో పేర్కొని, పట్టికతోపాటు జిల్లా మహిళా శిశు సంక్షేమాధికారికి పంపవలెను. పట్టిక లేని తీర్మానమునకు బలము తక్కువ. కేంద్రము నుంచవలసిన సంస్థ ఉంచనిచో కార్మికశాఖ అధికారికి వ్రాతపూర్వకముగా తెలుపవచ్చును.