కరిగించకుండా కలిపే మర

బస్తర్ జిల్లా నగర్నార్ ఉక్కు కర్మాగారంలో 2023లో బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకుంది. ఇనుప ఖనిజం అందులో కరుగుతుంది. రాతి మలినాలు సున్నంతో కలిసి స్లాగ్‌గా పైకి తేలిపోతాయి. ఇనుమును శుభ్రం చేసే ఈ తేలడమే మరో పనికి అడ్డం. యిట్రియం ఆక్సైడ్, అంటే యిట్రియా, సన్నటి నలుసులుగా లోహమంతా ఇరుక్కుంటే ఆ లోహం ఎర్రగా కాగినా తేలిగ్గా సాగదు. కానీ కరిగిన ఇనుములో వేస్తే యిట్రియా కూడా తేలిపోతుంది.

1960లలో అమెరికాలోని ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీకి ఇదే చిక్కు వచ్చింది. జాన్ బెంజమిన్ బృందం నికెల్ పూత ఉన్న జిర్కోనియాను, అంటే జిర్కోనియం ఆక్సైడ్‌ను, కరిగిన మిశ్రలోహంలోకి పంపింది. కలవలేదు. తీరా చూస్తే సరఫరాదారు ఇచ్చింది తలకిందుల సరుకు: జిర్కోనియా పూత ఉన్న నికెల్! ఇక బెంజమిన్ కొలిమిని వదిలి, గుండ్లతో నలగ్గొట్టే మర బాల్‌మిల్ పట్టాడు.

సిమెంటు ఫ్యాక్టరీలో బాల్‌మిల్ పిండి కొడుతుంది. లోహం అలా పిండి కాదు. రెండు ఉక్కు గుండ్ల మధ్య చిక్కిన రేణువు నలిగి రేకవుతుంది. పైపొర చిట్లి లోపలి తాజా లోహం బయటపడుతుంది. పక్క రేకు తగిలిందా, నిప్పు లేకుండానే అతుక్కుంటుంది. దెబ్బలు తిని తిని గట్టిపడి, పెళుసెక్కి విరుగుతుంది. మళ్లీ అతుకుతుంది. గంటల తరబడి ఇలా నడిస్తే ఇనుము, క్రోమియం, యిట్రియా మడతకాజాలా పొరలుపొరలుగా చేరి, చివరికి పొర జాడే తెలియనంత పలచబడతాయి.

అతకడం మితిమీరితే సరుకంతా గుండ్లకూ గోడలకూ పట్టేస్తుంది. మెత్తటి లోహాలకు కాస్త స్టియరిక్ ఆమ్లం కలిపేది అందుకే. తాజా లోహం గాలి తగిలి పాడవకుండా మిల్లులో ఆర్గాన్ నింపుతారు.

అసలు గమ్మత్తు ఆ తర్వాత ఉంది. పొడిని డబ్బాలో మూసి, గాలి తీసేసి, 1,100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల కాచి కడ్డీగా అచ్చులోంచి తోస్తారు. మామూలుగా వేడి తగిలితే స్ఫటికాలు పెరుగుతాయి. ఇక్కడ మాత్రం మిల్లు బలవంతంగా ఇనుములో కరిగించిన యిట్రియం, ఆక్సిజన్, మిశ్రమంలో కాస్త కలిపిన టైటానియంతో జతకట్టి కొద్ది నానోమీటర్ల నలుసులుగా బయటికొస్తాయి. పరమాణు వరసలు జారబోతే అడ్డుపడతాయి. స్ఫటికాల అంచులనూ కదలనివ్వవు.

తర్వాతి కథ వేగంగా నడిచింది. ఇలా చేసిన నికెల్ మిశ్రలోహాలు జెట్ ఇంజిన్లకెక్కాయి. 2001లో లోహశాస్త్రవేత్త చల్లపల్లి సూర్యనారాయణ ఈ పద్ధతిపై రాసిన సుదీర్ఘ సమీక్ష పరిశోధకులకు చేతిపుస్తకమైంది. హైదరాబాద్‌లోని లోహపొడుల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, కల్పాక్కంలోని అణు పరిశోధన కేంద్రం ఐజీకార్ కలిసి ఫాస్ట్ రియాక్టర్ ఇంధన గొట్టాల కోసం 9 శాతం క్రోమియం ఉక్కును ఇలాగే తయారుచేశాయి. అందులో యిట్రియా సుమారు 0.35 శాతమే. ఆ గొట్టం కొసకు బిరడా బిగించడం మరో తలనొప్పి. మామూలు వెల్డింగులో లోహం కరిగి నలుసులు గుంపుకడతాయి కాబట్టి, కరగనివ్వకుండా గట్టిగా నొక్కి అతికించాల్సి వస్తుంది.